సందులోకి తిరిగిన గ్రంథాలయం

కుట్టు టీచరు గారు పోయారన్న కబురు నాకు మస్తాన్ గారు ఫోన్ చేస్తే తెలిసింది. మస్తాన్ గారు మా ఊరి గ్రంథాలయంలో అటెండరు. ఆ పొద్దున నేను డాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్నాను. చేతులు మండుతుంటే చీరచెంగుతో సెల్లు పట్టుకుని విన్నాను.

"అమ్మా, టీచరు గారు తెల్లవారుజామున పోయారండి," అన్నారు. తర్వాత ఆయనే, "ఇవాళ లైబ్రరీ తెరవమంటారా, వద్దంటారా? లైబ్రేరియన్ గారేమో సెలవులో ఉన్నారు. నాకేం పాలుపోవట్లేదు," అన్నారు.

"తెరవండి. ఆవిడ పేరు చెప్పి మూస్తే ఆవిడకే కోపం వస్తుంది."

"నేనూ అదే అనుకున్నానండి. ఇంకొకరి నోటితో వింటే ధైర్యంగా ఉంటుందని అడిగా."

గ్రంథాలయం తెరిచే ఉంది. టీచరు గారింటికి వెళ్తూ నేను చూశాను. లోపల ఎప్పటిలాగే పేపర్లు చదివేవాళ్లున్నారు. వాళ్లలో సగం మంది ఆడవాళ్లు. మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకి ఇందులో వింత ఏమీ కనిపించదు. అందుకే ఇది రాయాలనిపించింది. ఆ గ్రంథాలయం ఇవాళ ఆ చోట ఉండటానికి, దాని గుమ్మం ట్రంకు రోడ్డు మీద కాక మా సందులో ఉండటానికి ఆవిడే కారణమని తెలిసినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు.

ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో కుట్టుపని నేర్పే టీచరు. నేను ఈ ఊరికి కాపరానికి వచ్చేనాటికి రిటైరై ఏడాది అయింది. పొట్టి మనిషి. ఎప్పుడూ నేత చీరే. మెడలో కొలతల టేపు వేసుకుని, తీయడం మరిచిపోయి, అలాగే బజారుకి వచ్చేసేవారు. కూరగాయల బండి దగ్గర ఎవరో, "టీచరు గారూ, సొరకాయకి కూడా కొలతలు తీస్తారా?" అంటే, "నీ తక్కెడ సరిగా ఉంటే తీయను," అన్నారు. ఆవిడ భర్త పొగాకు కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఊరంతా ఆయన్ని టీచరు గారి ఆయన అనే పిలిచేది. ఆయన కూడా ఫోన్ ఎత్తి, "నేనండీ, టీచరు గారి ఆయన్ని," అనేవారు. అందులో ఆయనకి ఏ లోటూ కనిపించేది కాదు.

నాది వినుకొండ దగ్గర పల్లెటూరు. డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా పెళ్లయింది. మా ఆయనకి ఇక్కడ విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఉంది. మా ఇల్లు గ్రంథాలయం వెనక సందులో. అది గ్రంథాలయమని చాలా నెలలు నాకు తెలియనే తెలియదు. మా వైపు నుంచి చూస్తే పొడవాటి పాత గోడ, అందులో తాళం పడిన ఆకుపచ్చ తలుపు, ఆ తలుపుకి అడ్డంగా ఒక మిర్చి వ్యాపారి వేసుకున్న బస్తాలు కనిపించేవి. గాలి వీస్తే సందంతా తుమ్ములు. అదేదో పాత గోడౌను అనుకున్నాను.

ఖాళీగా ఉండటం ఎందుకని మా అత్తయ్య నన్ను కుట్టు నేర్చుకోమని టీచరు గారింటికి పంపింది. అక్కడ మధ్యాహ్నాలు ఆరేడుగురు ఆడపిల్లలు వరండాలో చాప మీద కూర్చుని కుట్టేవారు. ఆవిడకి ఒక అలవాటు ఉంది. అందరూ కుడుతుంటే ఒకరు గట్టిగా చదవాలి. నవల కావచ్చు, వారపత్రికలో కథ కావచ్చు. చెయ్యి పనిలో ఉన్నప్పుడు చెవి ఖాళీగా ఉంటే అది పక్కింటి సంగతుల మీదికి పోతుందని ఆవిడ వాదన. వంతులవారీగా చదివేవాళ్లం. నా వంతు వచ్చినరోజు మిషన్లు ఆగాయి. కథ అయిపోయాక ఆవిడ నేను కుట్టిన జాకెట్టు చేతిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఒకవైపు కుట్టు ఏటో పోయింది.

"అమ్మాయ్, నీ చేతికి సూది రాదు. నోటికి వాక్యం వస్తుంది," అన్నారు. "రేపటినుంచి రోజూ నువ్వే చదువు. కుట్టు వాళ్లు చూసుకుంటారు."

అలా నేను కుట్టు క్లాసులో కుట్టకుండా కూర్చున్న మనిషినయ్యాను. పది రోజులు తిరక్కుండానే వాళ్లింట్లో పుస్తకాలు అయిపోయాయి. ఒకరోజు ఆవిడ తిన్నగా మా ఇంటికే వచ్చారు.

"వదినా, మీ కోడల్ని తీసుకెళ్తున్నా," అన్నారు మా అత్తయ్యతో.

"ఎక్కడికండీ?"

"లైబ్రరీకి."

"అక్కడ మగాళ్లు కూర్చుంటారు కదా?"

"కూర్చుంటే కూర్చోనీండి. ఇంకా బోలెడు కుర్చీలున్నాయి."

కొంగు సరిచేసుకుని వెళ్లమని మా అత్తయ్య నాకు సైగ చేసింది.

ట్రంకు రోడ్డు వైపు నుంచి మొదటిసారి ఆ భవనాన్ని చూసినప్పుడు నేను రోజూ చూసే పాత గోడకి ఇంత అందమైన ముఖం ఉందా అనిపించింది. ముందు వరండా, దానికి మూడు కమానులు. వాటిని మోసే గుండ్రటి స్తంభాలు ఎంత నున్నగా ఉన్నాయంటే చెంప ఆనించాలనిపిస్తుంది. "ఇది సిమెంటు కాదే. గానుగలో ఎద్దుని కట్టి ఆడించిన సున్నం. కరక్కాయ నీళ్లూ బెల్లమూ కలిపి రుబ్బి, రాళ్లతో రోజుల తరబడి రుద్దారట," అని టీచరు గారు ఒక స్తంభం మీద అరచెయ్యి వేసి చూపించారు. "చీర పట్టుదో కాదో చేత్తో తెలిసినట్టు, ఇదీ చేత్తోనే తెలుస్తుంది."

లోపల పొడవాటి హాలు. మూరెడుకి పైగా మందమున్న గోడలు. ఆ గోడల్లోనే అలమార్లు, వాటికి అద్దాల తలుపులు. పైన టేకు దూలాలు, దూలాల మీద చిన్నచిన్న ఇటుకలు వాలుగా నిలబెట్టి సున్నంతో కప్పిన మిద్దె. కింద పల్నాటి నాపరాళ్లు. బయట మే నెల ఎండ కొలిమిలా ఉంటే లోపల అడుగు పెట్టగానే కాళ్లకి చల్లగా తగిలింది. లారీ డ్రైవర్లు, మార్కెట్టు యార్డుకి వచ్చిన రైతులు, రిటైరైన మాస్టర్లు పేపర్లు చదువుతున్నారు. మేమిద్దరం వెళ్లగానే పేపర్లు కాస్త కిందికి దిగాయి, మళ్లీ లేచాయి. ఆవిడ నన్ను సరాసరి మధ్య బల్ల దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఎదురుగా తానూ కూర్చున్నారు. మా చుట్టూ కుర్చీలు ఖాళీ అయ్యాయి. "చూశావా, ఎంత చోటిచ్చారో," అన్నారు నెమ్మదిగా.

హాలు చివర ఇంకో తలుపు ఉంది. దానికీ తాళమే. కిటికీ సందులోంచి చూస్తే విరిగిన కుర్చీలు, కట్టలు కట్టిన పాత పత్రికలు కనిపించాయి. అది స్త్రీల గది అని అప్పుడు చెప్పారు టీచరు గారు. మా సందులో కనిపించే ఆకుపచ్చ తలుపు దానిదే.

ఆ కథ ఆవిడకి వాళ్లమ్మ చెప్పింది. స్వాతంత్ర్యానికి ముందు, ఊరూరా గ్రంథాలయాలు పెట్టే రోజుల్లో, మా ఊరి పెద్దలూ ఒకటి కట్టాలనుకున్నారు. ఒకరు టేకు ఇస్తామన్నారు, ఒకరు రాయి తోలిస్తామన్నారు, బండ్లున్నవాళ్లు ఇసుక తెస్తామన్నారు. చోటు మాత్రం దొరకలేదు. రోడ్డుకి ఆనుకుని ఉన్న ఈ స్థలం ఒక పొగాకు వ్యాపారి భార్యది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చింది. ఆమె ఇస్తానంది, ఒక్క షరతు మీద. ఆడవాళ్లకి అందులో ఒక గది ఉండాలి, దానికి సందువైపు గుమ్మం ఉండాలి. రోడ్డు మీదికి ఆడవాళ్లు రాని రోజులవి.

పెద్దలు ఆమెతో మాట్లాడారట. "నీకెందుకమ్మా శ్రమ, మీకు కావలసిన పుస్తకాలు ఇంటికే పంపిస్తాం," అన్నారట.

"పుస్తకం ఇంటికి వస్తే పొయ్యి దగ్గరే ఉండిపోతుంది. మమ్మల్నే అక్కడికి రానివ్వండి," అందట ఆమె.

గది కట్టారు. చాలా ఏళ్లు ఆడవాళ్లు వచ్చారు, చదివారు. తర్వాత వారపత్రికలు ఇళ్లకే రావడం మొదలైంది, రేడియోలు వచ్చాయి, టీవీలు వచ్చాయి. ఎవరూ మూయమనకుండానే ఆ తలుపు మూతపడింది. టీచరు గారు ఈ కథ చెబుతున్నప్పుడు గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. తలుపుకున్న తాళాన్ని మాత్రం ఒకసారి లాగి చూసి వదిలారు.

ఆ తర్వాత రెండు మూడేళ్లు మేమిద్దరం వారానికోసారి వెళ్లి పుస్తకాలు తెచ్చుకున్నాం. మెల్లగా కుట్టు క్లాసు ఆడపిల్లల్లో ఇద్దరు ముగ్గురు మాతో కలిశారు. అప్పుడు రోడ్డు నాలుగు వరసలు చేస్తున్నారన్న మాట వచ్చింది. కొలతలవాళ్లు వచ్చి రోడ్డు పొడుగునా ఇళ్ల గోడల మీద ఎర్ర గీతలు గీసుకుంటూ పోయారు. కొందరికి అరుగు పోయింది, కొందరికి కొట్టు ముందు రేకులు పోయాయి. గ్రంథాలయానికి గీత వరండాలో పడలేదు. వరండా దాటి హాలు గోడ మీద కూడా పడలేదు. లోపల, నాపరాళ్ల మీద, అలమార్ల దగ్గర పడింది. అంటే కమానులు, స్తంభాలు, హాలులో ముందు భాగం అంతా పోతుంది.

ఆ రాత్రి అన్నం తింటూ మా ఆయన చెప్పారు. "మిగిలిన ముక్క కూడా ఉంచరంట. పడగొట్టి షాపులు కడతారంట. పుస్తకాలు మార్కెట్టు యార్డు మేడ మీదికి మారుస్తారంట."

"యార్డు మేడ మీదికి ఎవరెక్కుతారు?"

"ఎవరూ ఎక్కరు. అందరికీ తెలుసు ఆ సంగతి."

ఊరి పెద్దలు హాల్లోనే మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు గారు వచ్చారు, గుంటూరు నుంచి గ్రంథాలయాలు చూసే ఆఫీసరు వచ్చారు, ఒక ఇంజనీరు వచ్చారు. ఊళ్లో మగవాళ్లు గోడల వెంట నిలబడ్డారు. ఆడవాళ్లం మేమిద్దరమే. ప్రెసిడెంటు గారు చెడ్డమనిషి కాదు. నిజంగానే బాధపడుతూ మాట్లాడారు. మన తాతలు కట్టిన భవనం, కానీ రోడ్డు రాక తప్పదు, కాబట్టి దండం పెట్టి వదిలేద్దాం అన్నట్టు ముగించారు. చాలామంది తలలూపారు.

టీచరు గారు లేచి నిలబడ్డారు. మెడలో టేపు ఉంది.

"ముందుభాగం పోతే పోతుంది. మిగిలింది ఎందుకు పడగొట్టడం?" అని అడిగారు.

"ముందుభాగం పోయాక ఇంకేముంటుందండీ టీచరు గారూ, మొండిగోడలు తప్ప?"

"చొక్కా కాలరు చిరిగితే చొక్కా పారేస్తామా అండీ? విప్పి, తిప్పి కుడతాం. లోపలివైపు గుడ్డ కొత్తదిలాగే ఉంటుంది."

ఎవరో నవ్వారు. ప్రెసిడెంటు గారు కూడా నవ్వి, "తిప్పడానికి దీనికి ఇంకో వైపు ఏదండీ?" అన్నారు.

"ఉంది. మా వైపు ఉంది."

ఆవిడ మస్తాన్ గారి వైపు చూశారు. ఆయన వెళ్లి హాలు చివర గదికున్న తాళంతో కాసేపు కుస్తీ పట్టి తెరిచారు. అందరూ తొంగి చూశారు. కుర్చీలు, పత్రికల కట్టలు తొలగించుకుంటూ ఆవిడ ముందు నడిచారు, ఇంజనీరు వెనక వెళ్లారు. పై వెంటిలేటర్లకి ఎరుపూ ఆకుపచ్చా అద్దాలు, వాటి మీద ఏళ్లనాటి దుమ్ము. గోడలో అలమార్లు హాల్లోవాటికంటే కిందికి ఉన్నాయి. చాప మీద కూర్చున్నవాళ్లకి చెయ్యి అందేలా కట్టారు. ఇంజనీరు పెన్నుతో గోడ మీద అక్కడక్కడా తట్టి చూసి, "ఇది మంచి దిట్టంగా ఉందే," అన్నారు. తర్వాత పైకి చూసి, "దూలానికి ఆ ఇనుప కొక్కెం ఏంటండీ?" అని అడిగారు.

"ఉయ్యాలకి. పసిపిల్లల తల్లులు కాలితో తాడు లాగుతూ చదువుకునేవాళ్లట. నన్నూ అందులో వేసి ఊపానని మా అమ్మ చెప్పేది."

గుంటూరు ఆఫీసరు కొక్కేన్నే చూస్తూ కాసేపు నిలబడ్డారు. ఆయన చివరికి చెప్పింది న్యాయంగానే ఉంది. సందువైపు అడ్డాలన్నీ తొలగించి దారి ఇవ్వగలిగితే, రోడ్డువాళ్లు ముందుభాగం కొట్టేశాక వానలు రాకముందే తెగిన హాలుకి గోడ లేపుకోగలిగితే, తాను పైవాళ్లకి రాస్తానన్నారు. లేకపోతే యార్డు మేడే.

అక్కడినుంచి ఆవిడ తిరిగిన తిరుగుడు నేను దగ్గరుండి చూశాను. గొడుగు ఒక చేత్తో, నా చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని ఊరంతా తిరిగారు. ఇటుక బట్టీవాళ్ల ఇల్లు, పత్తి జిన్నింగు మిల్లువాళ్ల ఇల్లు, తాపీమేస్త్రీల ఇళ్లు. మగవాళ్లని అడగడానికి కాదు, వాళ్ల భార్యల్ని చూడటానికి వెళ్లేవాళ్లం. అందరూ ఒకప్పుడు ఆవిడ దగ్గర కుట్టు నేర్చుకున్నవాళ్లు, కనీసం ఆవిడ చేత జాకెట్టు కుట్టించుకున్నవాళ్లు. "వాళ్లు కాదంటే?" అని ఒకరోజు ఎండలో నడవలేక అడిగాను. "ఊళ్లో సగంమంది ఆడవాళ్ల నడుము కొలత నాకు తెలుసు. మనసు కొలత తెలీదా?" అన్నారు.

అందరికంటే మిర్చి వ్యాపారి ఇంటికి వెళ్లడానికే నేను భయపడ్డాను. ఆకుపచ్చ తలుపుకి అడ్డంగా ఉన్న బస్తాలు ఆయనవి. ఆ చోటు తనదేనన్నట్టు ఏళ్లుగా వాడుకుంటున్నారు. నోటిదురుసు మనిషి. మేం వెళ్లేసరికి వాకిట్లోనే ఉన్నారు. మమ్మల్ని చూడగానే, "లైబ్రరీ సంగతైతే నాకు చెప్పొద్దు. అది ఎట్లాగూ పోయేదే," అన్నారు.

"నీ కోసం రాలేదయ్యా. మా శిష్యురాలి కోసం వచ్చా," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

ఆయన భార్య పీట వేసింది, మంచినీళ్లిచ్చింది. టీచరు గారు గ్రంథాలయం ఊసే ఎత్తలేదు. వాళ్ల అమ్మాయి స్కూలు గౌను అంచు ఊడి ఉంటే సూదీ దారం తెప్పించుకుని మడిచి కుడుతూ కూర్చున్నారు. ఆ పిల్ల ఎన్నో క్లాసో, ఏం చదువుతుందో అడిగారు. కథల పుస్తకాలంటే ఇష్టమనీ ఇంట్లో లేవనీ పిల్ల చెప్పింది. టీచరు గారు దారం కొరికి గౌను ఇచ్చేశారు. అంతే. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆ ఇల్లాలి గొంతు వినిపించింది.

"ఏవండీ, ఆ తలుపు కాడ బస్తాలు రేపు తీయించండి."

"తీయించి ఎక్కడ పెట్టను?"

"మన వాకిట్లో పెట్టండి. మన కాయల ఘాటు మనమే పీలుద్దాం."

మర్నాడు మధ్యాహ్నానికి తలుపు ముందు నేల కనపడింది. ఎర్రటి దుమ్ము కడిగితే కింద నాలుగు రాతిమెట్లు బయటపడ్డాయి.

వరండా పడగొట్టిన రోజు ఆవిడ రోడ్డుకి అవతల కాఫీ హోటలు ముందు గొడుగు వేసుకుని నిలబడ్డారు. నేను వద్దన్నాను. టీచరు గారి ఆయన కూడా వద్దన్నారు. "పోయేవాళ్లని సాగనంపొద్దా?" అన్నారు ఆవిడ. మొదటి కమాను పడింది. రెండోది పడ్డాక స్తంభాల మీదికి యంత్రం వచ్చింది. ఆ సున్నం అంత తేలిగ్గా లొంగలేదు. నున్నటి గార పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటే ఆవిడ గొడుగు కాస్త కిందికి దించుకున్నారు. ముఖం నాకు కనపడలేదు. ఆవిడకి ఆ భవనంలో అన్నిటికంటే ఇష్టమైంది ఆ వరండాయే. స్త్రీల గదిని కాపాడుతూ వరండాను వదులుకుంటున్నానని ఆవిడకి తెలుసు. సాయంత్రానికి హాలు నోరు తెరుచుకుని రోడ్డు వైపు చూస్తూ ఉంది. దూలాల కొసలు గాల్లో వేలాడుతున్నాయి.

ఆవిడ రోడ్డు దాటి వచ్చి తెగిన గోడ ముందు నిలబడి మేస్త్రీతో అన్నారు. "పోయింది పోయింది. ఉన్నదాని అంచు త్వరగా మడిచి కుట్టండి. లేకపోతే పోగులు లేస్తాయి."

మేస్త్రీ భార్య మా కుట్టు క్లాసులో ఒకప్పటి విద్యార్థినే. అతనికి ఆ భాష అలవాటే. "వానలోపు మడిచేస్తామండి," అన్నాడు.

ఇటుక బట్టీ నుంచి ఇటుక వచ్చింది. మిల్లువాళ్ల ట్రాక్టరు ఇసుక తోలింది. పడగొట్టిన వరండాలోని టేకు దూలాలు వంటచెరుకు కింద పోకుండా టీచరు గారి ఆయన ఒక కుర్చీ వేసుకుని వాటి పక్కనే కాపలా కూర్చున్నారు. ఆ టేకుతోనే తర్వాత బెంచీలు చేయించారు. కొత్త గోడ లేస్తూ ఉండగానే మబ్బులు పట్టడం మొదలైంది. పైకప్పు కలిసే చోట గార ఇంకా పచ్చిగా ఉండగా ఒక సాయంత్రం వాన వచ్చింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి ఆవిడ అప్పటికే లోపల ఉన్నారు. మస్తాన్ గారూ మేస్త్రీ బయట నిచ్చెన మీద టార్పాలిను పట్టాలు పట్టుకుని తడుస్తున్నారు. ఆవిడ గోడ పొడుగునా అరచెయ్యి ఆనిస్తూ ఒక మూల నుంచి ఇంకో మూలకి నడిచారు. చివర ఒకచోట ఆగారు. చెయ్యి తీసి చూసుకున్నారు.

"ఇక్కడ చెమ్మ ఉంది. మిగతా అంతా పొడే," అన్నారు. ఆ ఒక్కచోటు వాన వెలిశాక మళ్లీ గార చేశారు. తర్వాత వచ్చిన ఏ తుపానుకీ ఆ గోడ కారలేదు.

దసరాలోపు గ్రంథాలయం సందువైపు తెరిచారు. ఆకుపచ్చ తలుపు పైన గోడకి పట్టిన దుమ్ము దులిపితే సున్నపు గారతో తీర్చిన పాత అక్షరాలు కనిపించాయి, "స్త్రీల పఠన మందిరము" అని. వాటిని చెక్కేసి కొత్త బోర్డు పెట్టాలని కొందరన్నారు. లోపల ఇప్పుడు అందరికీ కదా, మగవాళ్లు ఎట్లా వస్తారని వాళ్ల బాధ. అక్షరాలు చెక్కితే తలుపు పైగార కదులుతుందని మేస్త్రీ అన్నాడు. బోర్డు కింద పెట్టుకోవచ్చు కదా అన్నారు టీచరు గారు. అలాగే పెట్టారు. అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి.

తెరిచిన రోజు పొద్దున రోజూ పేపరుకి వచ్చే ఒక పెద్ద రైతు మెట్ల దగ్గరకి వచ్చి ఆగిపోయారు. పైనున్న అక్షరాలు కూడబలుక్కుని చదివి, తలపాగా సర్దుకుని, వెనక్కి తిరగబోయారు. టీచరు గారు లోపల నుంచి చూశారు.

"రండి బాబాయ్ గారూ. మీ అమ్మగారు వచ్చిన గుమ్మమే ఇది."

"మా అమ్మ వచ్చేదా?"

"మా అమ్మా మీ అమ్మా పక్కపక్కనే కూర్చునేవారట. మీ అమ్మగారు గట్టిగా చదివేవారట, అందరూ వినేవారట."

ఆయన మెట్టు మీద చెప్పులు విప్పారు. గ్రంథాలయానికి చెప్పులు విప్పే ఆచారం మాకు లేదు. విప్పి, లోపలికి వచ్చి కూర్చుని, చాలాసేపటి దాకా పేపరు తెరవలేదు.

సందులోకి తిరిగాక ఆడవాళ్లు ఎలా వచ్చారో ఎవరూ లెక్క పెట్టలేదు. కూరలకి వెళ్తూ ఒకరు తొంగి చూశారు. పిల్లల్ని స్కూలు నుంచి తీసుకొస్తూ ఒకరు ఆగారు. పక్కనే ఉందిగా అని మా అత్తయ్య వచ్చి భక్తి పుస్తకాల అలమారు ముందు కూర్చుంది. టీచరు ఉద్యోగాల పరీక్షలకి చదివే ఆడపిల్లలు పొద్దున తలుపు తీయకముందే మెట్ల మీద ఉండేవారు. మిర్చి వ్యాపారి కూతురు అలమారు కింది అరలు మొత్తం చదివేసింది. ఆ రద్దీ చూసి నాకూ ధైర్యం వచ్చి ఆగిపోయిన డిగ్రీకి ప్రైవేటుగా కట్టాను. ఆ బల్లల దగ్గరే చదివాను. ఇప్పుడు ఒక స్కూల్లో తెలుగు చెబుతున్నాను. నా రిజల్టు వచ్చినరోజు ఆవిడ నాకు కొత్త జాకెట్టు కుట్టి పెట్టారు. "నువ్వు కుట్టుకుంటే ఇంకో డిగ్రీ అయ్యేదాకా పూర్తి కాదు," అన్నారు.

ఆఖరి రెండేళ్లు ఆవిడకి చూపు తగ్గింది. మిషను మీద గుడ్డ కప్పేశారు. నేను జాలిగా ఏదో అనబోతే ఆపేశారు. "సూది బెజ్జం కనపడట్లేదు గానీ అక్షరం ఇంకా కనపడుతోంది. దేవుడు నాతో ఇంతకంటే మర్యాదగా ఏం ఉండాలి?" తర్వాత అక్షరమూ మసకేసింది. అప్పుడు నేను సాయంత్రాలు వెళ్లి చదివి వినిపించేదాన్ని. నేను చదువుతుంటే టీచరు గారి ఆయన వంటింట్లోంచి కాఫీ తెచ్చి ఆవిడ చేతికి గ్లాసు అందేదాకా పట్టుకుని నిలబడేవారు. ఎక్కడైనా నేను తొందరపడి రెండు వాక్యాలు దాటేస్తే, "మధ్యలో ఏదో కుట్టు తప్పింది," అనేవారు ఆవిడ.

పోయే ముందు నెలలో ఒకరోజు గ్రంథాలయానికి తీసుకెళ్లమన్నారు. ఆటోలో తీసుకెళ్లి, మెట్లు ఎక్కించి, హాల్లో కొత్త గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. గోడకి అవతల రోడ్డు మీద పత్తి బేళ్ల లారీలు పోతుంటే నేల సన్నగా అదురుతోంది. ఆవిడ వారపత్రిక ఒళ్లో పెట్టుకుని బొమ్మలు తడిమినట్టు పేజీలు తడిమారు. కాసేపటికి అలాగే నిద్రపోయారు.

ముందు బల్ల దగ్గర చదువుకుంటున్న ఆడపిల్లలు గమనించి గొంతులు తగ్గించారు. పేపర్లు తిప్పేవాళ్లు నెమ్మదిగా తిప్పారు. మూసే వేళయింది. మస్తాన్ గారు కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చారు. ఆవిడ పక్కన ఉన్న కిటికీ మాత్రం మూయలేదు. నేను లేపబోతే వద్దని తల ఊపి, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నారు. వెళ్లిపోదామని లేచిన ఒక పెద్దాయన మళ్లీ కూర్చున్నారు. ఆడపిల్లలు పుస్తకాలు సంచుల్లో పెట్టుకుని కూడా కదల్లేదు. చదవడానికి సరిపోయే వెలుగు లేదు, లైటు వేయడానికి ఎవరూ లేవలేదు. మేమందరం ఆవిడ లేచేదాకా ఆ మసక వెలుతుర్లో అలాగే కూర్చున్నాం.